ఏ పని నేర్పాలె? ముందు ఊరిని అడగాలె

(మెదక్ పట్టణంలో కొత్తగా చదువు నేర్చినవారి కోసం ఇచ్చిన ఉపన్యాస పాఠం)



మెదక్ అనగానే అందరికీ చర్చి గుర్తుకు వస్తుంది. దూరం నుంచే గోపురం కనపడుతుంది. దాని ఎత్తు 170 అడుగులకు పైనే. ఆ చర్చి ఎట్లా కట్టారో తెలుసా? అప్పుడు ఈ ప్రాంతంలో కరువు వచ్చింది. తిండి లేక జనం అల్లాడారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే దొర ఇక్కడ పాదిరిగా ఉండేవాడు. ఆయన జనానికి ఊరికే గంజి పోయలేదు. పని ఇచ్చాడు, పనికి తిండి పెట్టాడు. 1914లో మొదలైన పని పదేండ్లు నడిచింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ పండుగ నాడు, చర్చి తెరిచారు.

పదేండ్లంటే తక్కువ కాలం కాదు. రాయి మోయడానికి వచ్చినవాళ్ళలో కొందరు రాయి కొట్టడం నేర్చుకొని ఉంటారు. సున్నం కలిపినవారు గోడ కట్టడం నేర్చుకొని ఉంటారు. మంచిదే. కానీ చర్చి అయిపోయిన మరుసటి రోజు సంగతి ఏమిటి? అంత పెద్ద చర్చి రోజుకొకటి కట్టరు కదా! చేతికి పని వచ్చింది. ఆ పని అడిగేవారు ఏడి?

ఈ రోజు మాట్లాడుకునే సంగతి ఇదే. పని నేర్పడం ఒక ఎత్తు. నేర్చిన పనికి గిరాకీ ఉండడం ఇంకో ఎత్తు. ఈ రెండూ కలవాలి. కలవకపోతే నేర్పినవారి శ్రమ పోతుంది, నేర్చినవారి వయసు పోతుంది. పైసలు పోతే మళ్ళీ సంపాదించవచ్చు. పద్దెనిమిదేండ్ల పిల్లవాడి ఒక సంవత్సరం పోతే తిరిగి రాదు.

కుట్టు మిషన్ల లెక్క

ఒక ఊరు ఉందనుకోండి. 300 ఇండ్ల ఊరు. ఆ ఊరికి కుట్టు శిక్షణ వచ్చింది. 30 మంది ఆడవాళ్ళు ఆరు నెలలు నేర్చుకున్నారు. సర్టిఫికెట్లు ఇచ్చారు, ఫొటోలు దిగారు, కొందరు అప్పు చేసి మిషన్లు కొన్నారు. అంతకుముందే ఆ ఊళ్ళో ఇద్దరు దర్జీలు ఉన్నారు.

ఇప్పుడు పలక తీసి లెక్క వేయండి. ఇంటికి ఇద్దరు ఆడవాళ్ళు అనుకుంటే 600 మంది. ఒక్కొక్కరు ఏడాదికి ఆరు జాకెట్లు కుట్టించుకుంటే 3,600 జాకెట్లు. చేయి తిరిగిన మనిషి రోజుకు నాలుగు జాకెట్లు కుడుతుంది. ఏడాదికి 250 రోజులు పని చేసినా 1,000 జాకెట్లు అవుతాయి. అంటే ఆ ఊరి జాకెట్లకు నలుగురు చాలు. మరి ఉన్నది ఎందరు? 32 మంది. తలా పంచితే ఒక్కొక్కరికి నెలకు తొమ్మిది పది జాకెట్లు. మిషన్ కిస్తీ కూడా వెళ్ళదు. ఇంకా పండ్ల బండిలాగా ఊళ్ళోకి వచ్చే రెడీమేడ్ బట్టల బండి సంగతి ఇందులో కలపనే లేదు.

ఇక్కడ తప్పు నేర్చుకున్న అక్కది కాదు. కుట్టుపని చెడ్డదీ కాదు. బట్టల కంపెనీ ఉన్న చోట, స్కూలు పిల్లల డ్రెస్సులు సంఘానికి ఆర్డరు ఇచ్చిన చోట, అదే పని కడుపు నింపుతుంది. మరి ఎక్కడ చూసినా కుట్టే ఎందుకు నేర్పుతారు? నేర్పడం సులువు కాబట్టి. ఒక గది చాలు. పది మిషన్లు చాలు. నేర్పే టీచరు దొరుకుతుంది. ఇంతమందికి శిక్షణ ఇచ్చామని కాగితం మీద రాయవచ్చు. నేర్పేవారికి ఏది వీలో అది నేర్పారు. ఊరికి ఏది కావాలో ఎవరూ అడగలేదు.

ఇది కొత్త కథ కాదు. 1979 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం 'ట్రైసెం' అనే పథకం పెట్టింది. పల్లెల్లో 18 నుంచి 35 ఏండ్ల మధ్య ఉన్న పేద యువకులకు, యువతులకు పని నేర్పి సొంత కాళ్ళ మీద నిలబెట్టాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. శిక్షణలో ఉన్నప్పుడు నెలనెలా కొంత పైకం కూడా ఇచ్చేవారు. 1993లో ఆ పథకం ఎట్లా నడుస్తున్నదో పరిశీలించారు. శిక్షణ పొందినవారిలో సగానికి దగ్గరగా పని లేకుండా ఉన్నారని తేలింది. సొంతంగా పని పెట్టుకున్నవారిలో కూడా కొంతమంది నేర్చిన పని వదిలి వేరే పని చేస్తున్నారు. కొందరు ఆ నెల పైకం కోసమే వచ్చారనే మాట కూడా వినిపించింది. పేదవాడు అట్లా వస్తే తప్పు పట్టేది ఏముంది? పని దొరకదని అతనికి ముందే తెలుసు, పైకం మాత్రం దొరుకుతుంది. 1999 ఏప్రిల్‌లో ట్రైసెంను ఇంకొన్ని పథకాలతో కలిపి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనగా మార్చారు.

కాలిన మోటరు

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూడండి.

మెదక్ చుట్టూ బోర్ల మీద ఆధారపడిన వ్యవసాయం ఎంత ఉందో మీకు చెప్పనవసరం లేదు. ఎండాకాలం వస్తే మోటర్లు కాలతాయి. నీళ్ళు లోతుకు పోయి మోటరు ఉత్తగా తిరిగినా కాలుతుంది, కరెంటు హెచ్చుతగ్గులైనా కాలుతుంది. నాట్లు వేసిన పొలం ఎండుతుంటే రైతు మోటరును బండి మీద వేసుకొని వైండింగ్ షాపుకు ఉరుకుతాడు. అక్కడ ముందే వరుస ఉంటుంది.

"ఎప్పుడిస్తవు తమ్మీ?"

"నాలుగొద్దులైతది అన్నా. మనుషులు లేరు. నేనొక్కణ్ణే సుట్టాలె."

నాలుగు రోజులు నీళ్ళు లేకుంటే వరి ఏమవుతుంది? ఆ ఊళ్ళోనే పది చదివి, ఇంటర్ తప్పి, చౌరస్తాలో కూచున్న పిల్లలు పది మంది ఉంటారు. రాగి తీగ చుట్టడం, ఇన్సులేషన్ కాగితం పెట్టడం, వార్నిష్ వేసి ఆరబెట్టడం, మీటరుతో పరీక్ష చేయడం, స్టార్టర్ డబ్బా బాగు చేయడం, ఇవన్నీ నేర్చుకునే పనులే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టారు. కరెంటు పెరిగితే మోటర్ల వాడకం పెరిగింది. వాడకం పెరిగితే మరమ్మతు పెరుగుతుంది. ఈ సంగతి ఏ ఆఫీసు చెప్పనక్కర లేదు, వైండింగ్ షాపు ముందర నిలబడితే తెలుస్తుంది.

వరికోతలప్పుడు ఏం జరుగుతున్నదో కూడా చూడండి. కోత మిషన్లు వేరే రాష్ట్రాల నుంచి వస్తాయి. మిషన్‌తో పాటే డ్రైవరు వస్తాడు, మెకానిక్ వస్తాడు. రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు బీహార్ నుంచి వస్తున్నారు. ఇండ్లు కట్టే చోట టైల్స్ వేసేవాళ్ళు, పైకప్పు సీలింగ్ చేసేవాళ్ళు ఉత్తరాది నుంచి వస్తున్నారు. ఇటునుంచి మెదక్, సిద్దిపేట పల్లెల మనుషులు దుబాయికి, మస్కట్‌కు పోతున్నారు. అక్కడ కూడా ఎక్కువమంది కూలిపనే. అటు పోవడానికి ఏజెంటుకు అప్పు చేసి పైకం కడతారు. చేతిలో పని ఉండి సర్టిఫికెట్ ఉన్నవారికి ఒక జీతం, ఏ పనీ రాని లేబర్‌కు ఒక జీతం. తేడా ఎంతో తిరిగి వచ్చినవారిని అడిగితే చెప్తారు.

కర్మాగారాలు దగ్గరే, కొలువు దూరం

పాత మెదక్ జిల్లా పెద్దది. 2016 అక్టోబరు 11న అది మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట అని మూడు జిల్లాలయింది. అంతవరకూ పేరు మెదక్‌దే అయినా జిల్లా ఆఫీసులు సంగారెడ్డిలో ఉండేవి. ఆ పాత జిల్లాలో కర్మాగారాలకు తక్కువ లేదు. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. 1960ల నుంచి నడుస్తున్నది. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగింది. 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన ఇందిరాగాంధీ, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి పునాదిరాయి వేశారు. జహీరాబాద్‌లో బండ్ల కర్మాగారం, ట్రాక్టర్ల కర్మాగారం వచ్చాయి. ఇప్పుడు తూప్రాన్, మనోహరాబాద్, కాళ్ళకల్ వైపు నాగపూర్ రోడ్డు పొడుగునా కొత్త కర్మాగారాలు లేచాయి.

ఇన్ని ఉన్నా, "మా ఊరి పోరగాండ్లకు కొలువులు ఏవి?" అని ప్రతి సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. భూమి ఇక్కడివాళ్ళది పోయింది. పటాన్‌చెరు పక్కన నక్కవాగు నీళ్ళు చెడిపోయింది ఇక్కడివాళ్ళకే. కొలువు మాత్రం ఎక్కడివారికో!

యజమానులను అడిగితే ఒకటే మాట చెప్తారు. "స్థానికులకు పని రాదు, వచ్చినా నిలబడరు." ఇందులో కొంత నిజం ఉంది. లేత్ మిషన్ నడిపేవాడు కావాలంటే లేత్ నేర్చినవాడు కావాలి. మందుల కర్మాగారంలో రియాక్టర్ దగ్గర నిలబడేవాడికి వేడి, ఒత్తిడి చూసే మీటరు చదవడం రావాలి. కానీ పూర్తి నిజం కాదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడు కర్మాగారం పక్క గదిలోనే ఉంటాడు. పన్నెండు గంటలు చేయమంటే చేస్తాడు. పండుగకు, పెండ్లికి సెలవు అడగడు. యూనియన్ పెట్టడు. అందుకని కూడా అతన్ని పెట్టుకుంటారు. ఇది శిక్షణతో తీరే సమస్య కాదు. ఇది కార్మిక చట్టం అమలు చేయవలసిన సమస్య. ఈ రెండింటినీ కలిపి అంతా పిల్లల మీదికే నెట్టడం మర్యాద కాదు.

వచ్చినవారి మీద కోపం పెట్టుకోవడం కూడా సరి కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలింది. 40 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినవారే. శిక్షణ అంటే మిషన్ నడపడం ఒక్కటే అనుకునేవారు ఆ రోజును మరిచిపోకూడదు. ఎప్పుడు మిషన్ ఆపాలో, ఏ దారిలో బయటికి ఉరకాలో, ఏ పని "చేయను" అని చెప్పాలో కూడా శిక్షణలో ఉండాలి. అది కార్మికుడికి తెలిసిన భాషలో ఉండాలి. గోడ మీద ఇంగ్లీషులో రాసి పెడితే ఎవరు చదువుతారు?

ఐ.టి.ఐ. సంగతి

పని నేర్పే బడుల్లో ఒకటి ఐ.టి.ఐ. 1950 నుంచి దేశంలో ఈ పద్ధతి ఉంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్ పనులకు రెండేండ్లు. పది పాసై ఉండాలి. వెల్డర్ పనికి ఒక ఏడాది. ఎనిమిదో తరగతి పాసైనా తీసుకుంటారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. పది తప్పితే ఇక బతుకే లేదని పిల్లలు, పెద్దలు దిగులు పడతారు. ఎనిమిది పాసైన కాగితం జాగ్రత్తగా పెట్టుకోవాలి.

ఐ.టి.ఐ. తర్వాత కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరవచ్చు. దీనికి 1961లో చేసిన చట్టం ఉంది. అప్రెంటిస్ అంటే పని చేస్తూ నేర్చుకునేవాడు. నేర్చుకునే కాలంలో కూడా అతనికి నెలనెలా పైకం ఇవ్వాలి. 2019లో మార్చిన నిబంధనల్లో చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల వరకు నిర్ణయించారు. 30 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవాలని కూడా ఆ నిబంధనల్లో ఉంది. తీసుకోవడం యజమాని దయ కాదు.

మరి ఐ.టి.ఐ.లో ఏమి లోపం? చాలా చోట్ల మిషన్లు పాతబడ్డాయి. బడిలో ఒక కాలం నాటి లేత్ ఉంటుంది. కర్మాగారంలో కంప్యూటరుతో నడిచే లేత్ ఉంటుంది. పిల్లవాడు రెండేండ్లు నేర్చి గేటు లోపలికి పోతే అక్కడి మిషన్ అతనికి కొత్త. "సర్టిఫికెట్ ఉంది, పని రాదు" అనే మాట అక్కడ పుట్టింది. పిల్లవాడు ఇంటికి వచ్చి తల్లిని అడుగుతాడు.

"అమ్మా, గీ కాగితం వట్టుకొని ఏడికి పోవాలె?"

తల్లి దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబు బడి పెట్టినవాళ్ళ దగ్గర ఉండాలి.

2024 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ మల్లేపల్లి ఐ.టి.ఐ.లో ఒక పని మొదలుపెట్టింది. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ కంపెనీతో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చాలన్నది ఆ పని. ఖర్చు 2,324 కోట్ల రూపాయలు అని చెప్పారు. రోబోలు, కంప్యూటర్ లేత్‌లు, కరెంటు బండ్ల మరమ్మతు వంటి కొత్త కోర్సులు అందులో ఉన్నాయి. ఇది మంచి మార్పే. అయితే మిషన్ కొత్తదైనంత మాత్రాన కొలువు రాదు. ఆ మిషన్ నడిచే కర్మాగారం ఆ బడికి చేరువలో ఉందా? ఉంటే ఏడాదికి ఎంతమందిని తీసుకుంటుంది? రోబో నేర్చిన వందమందికి ఊళ్ళో రోబో లేకపోతే, 32 మంది దర్జీల కథే మళ్ళీ వస్తుంది. కాకపోతే ఖరీదు ఎక్కువ.

ఈ విషయంలో జర్మనీ దేశం పేరు చెప్తారు. అక్కడ 1969లో దీనికోసం చట్టం చేశారు. పిల్లలు వారంలో మూడు నాలుగు రోజులు కర్మాగారంలో, ఒకటి రెండు రోజులు బడిలో ఉంటారు. రెండు నుంచి మూడున్నర ఏండ్లు ఇట్లా నడుస్తుంది. ఏమి నేర్పాలో యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కలిసి కూచొని రాస్తారు. ముందు కంపెనీతో ఒప్పందం, తర్వాత చదువు. ఇక్కడ ముందు చదువు, తర్వాత కంపెనీ కోసం తిరుగుడు. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపలేము. ఇక్కడ ఎక్కువమంది పనిచేసేది చిన్న షాపుల్లో, పొలాల్లో, మేస్త్రీల కింద. కానీ ఆ వరుస మాత్రం గమనించవలసింది.

మంబోజిపల్లి నేర్పిన పాఠం

గిరాకీ ఉన్న పని నేర్చుకున్నా ఆ గిరాకీ ఎప్పటికీ ఉంటుందన్న హామీ లేదు. దీనికి దూరం పోనక్కర లేదు. మెదక్ పక్కన మంబోజిపల్లిలో చక్కెర కర్మాగారం ఉంది. అది నిజాం షుగర్స్‌లో భాగం. 2002లో అందులో ఎక్కువ వాటా ప్రైవేటు వారికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు చోట్లా లేఆఫ్ ప్రకటించారు. కార్మికులు వీధిన పడ్డారు, చెరుకు రైతులు వేరే పంట చూసుకున్నారు.

అక్కడ పనిచేసినవారి చేతుల్లో రెండు రకాల పనితనం ఉంది. ఒకటి చక్కెరకే పనికొచ్చేది. పాకం ఎప్పుడు గింజ కడుతుందో అద్దం ముక్క మీద చుక్క వేసి చూసి చెప్పగల పనితనం. అది ఏండ్ల తరబడి కూడబెట్టిన విద్య. కానీ చక్కెర కర్మాగారం బయట దాన్ని ఎవరూ కొనరు. రెండోది ఎక్కడికైనా వెంట వచ్చేది. ఫిట్టర్ పని, వెల్డింగ్, మోటర్ల పని, బాయిలర్ నడిపే పని. బాయిలర్ నడపాలంటే చట్టం ప్రకారం పరీక్ష పాసై సర్టిఫికెట్ పొందాలి. అది ఉంటే మందుల కర్మాగారంలోనూ పని దొరుకుతుంది. అందుకని పిల్లలకు పని నేర్పేటప్పుడు ఒక కర్మాగారానికే పనికొచ్చే విద్య ఒక్కటే నేర్పకూడదు. వెంట తీసుకుపోగల విద్య కూడా ఉండాలి. ఫలానా కంపెనీ కోసమే శిక్షణ అని గొప్పగా చెప్తే, ఆ కంపెనీ రేపు మూతపడితే ఏమిటని అడగాలి.

ముందు కొలువు, తర్వాత శిక్షణ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో 'ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్' అని ఒకటి పెట్టారు. దాన్ని ఇ.జి.ఎం.ఎం. అనేవారు. దాని పద్ధతి కొంత వేరు. ముందు కంపెనీల దగ్గరికి పోయి ఎటువంటి మనుషులు కావాలో అడిగారు. పెద్ద దుకాణాల్లో సరుకు అమ్మేవారు, సెక్యూరిటీ గార్డులు, హోటల్ పనివారు, కంప్యూటర్ మీద పనిచేసేవారు కావాలన్నారు. మహిళా సంఘాల ద్వారా ఊళ్ళలో పిల్లలను గుర్తించారు. దాదాపు మూడు నెలల శిక్షణ ఇచ్చారు. కొంచెం ఇంగ్లీషు, కొంచెం కంప్యూటరు, నలుగురితో మాట్లాడే తీరు నేర్పారు.

కొలువులు దొరికాయి. కానీ ఇంకో చిక్కు వచ్చింది. చాలామంది మొదటి నెలల్లోనే కొలువు వదిలి ఇంటికి వచ్చేవారు. పని రాకనా? కాదు. పట్నంలో గది కిరాయి, తిండి ఖర్చు జీతాన్ని మింగేస్తాయి. మొదటి జీతం నెల తిరిగితే గాని రాదు. అంతవరకు తినేది ఎట్లా? ఊరి మీద బెంగ ఒకటి. తల్లికి జ్వరమని ఫోన్ వస్తే పిల్లవాడు బస్సెక్కుతాడు. ఈ అనుభవాలు తర్వాతి పథకాలకు పనికొచ్చాయి. 2014 సెప్టెంబరులో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో, కొలువులో చేరినవారికి మొదటి కొన్ని నెలలు నెలకు 1,000 రూపాయలు ఇవ్వాలని పెట్టారు. శిక్షణ ఇచ్చిన సంస్థ పదిమందిలో ఏడుగురికైనా కొలువు చూపించాలని షరతు కూడా పెట్టారు. ఇంతమందికి నేర్పామని చెప్పుకోవడం చాలదు, ఇంతమంది కొలువులో నిలిచారని చూపాలి. ట్రైసెం నాటి లెక్కకు, దీనికి అదే తేడా.

ఆడవాళ్ళ విషయంలో దూరం ఇంకా పెద్ద గోడ. మెదక్ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. రామాయంపేట, చేగుంట వైపు బీడీలు చుట్టే అక్కలను చూడండి. కూలి తక్కువని వాళ్ళకు తెలుసు. వెన్ను నొప్పి, దగ్గు వస్తాయనీ తెలుసు. అయినా ఎందుకు చుడతారు? ఇంట్లో కూచొని, పొయ్యి మీద ఒక కన్ను, పిల్ల మీద ఒక కన్ను వేసి చేయగల పని అది ఒక్కటే కాబట్టి. ఆ అక్కకు నాలుగు గంటల ప్రయాణం అవతల ఉన్న కొలువు కోసం శిక్షణ ఇస్తే ఆమె ఎట్లా పోతుంది? 2022 సెప్టెంబరులో మెదక్‌కు రైలు వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్.టి.సి. బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఇవి కూడా కొలువుల విషయమే. బస్సు ఎన్ని గంటలకు పోతుంది, షిఫ్టు ఎన్నింటికి దిగుతుంది, ఈ రెండూ కలిస్తేనే మనోహరాబాద్‌లో కొలువు మెదక్ చుట్టుపక్కల ఆడపిల్లకు కొలువు అవుతుంది. కర్మాగారంలో మరుగుదొడ్డి, బిడ్డను పడుకోబెట్టే చోటు ఉన్నాయా అన్నది కూడా చూడాలి. ఈ మాటలు శిక్షణ పుస్తకాల్లో రాయరు.

చేయి ఉంది, కాగితం లేదు

ఇంకో రకం మనుషులు ఉన్నారు. ఇరవై ఏండ్ల నుంచి సుతారి పని చేస్తున్న అన్న ఉంటాడు. గోడ కడితే గుండు దారం వేసి చూసినా వంకర దొరకదు. కానీ కాగితం లేదు. అందుకని పెద్ద కంపెనీ పనిలో అతనికి హెల్పర్ కూలి ఇస్తారు. ఇటువంటివారికి కొత్తగా పని నేర్పనక్కర లేదు. ఉన్న పనిని పరీక్షించి కాగితం ఇస్తే చాలు. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఈ ఏర్పాటు ఉంది. కట్టడం పనులకు హైదరాబాద్‌లో 1998లో పెట్టిన 'న్యాక్' అనే సంస్థ శిక్షణ ఇస్తుంది.

కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, సుతారి, దర్జీ వంటి 18 చేతివృత్తులవారికి 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకం మొదలైంది. శిక్షణ రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు అందులో ఉన్నాయి. పనిముట్లు ఇవ్వడం మంచిదే. కానీ కమ్మరి కొలిమికి పని తగ్గింది కొత్త సుత్తె లేక కాదు, నాగలి పోయి ట్రాక్టర్ వచ్చినందుకు. ఆ కమ్మరి అన్నకు ట్రాక్టర్ కల్టివేటర్ పండ్లు సాన పెట్టడం, వెల్డింగ్ చేయడం, ఇనుప గేట్లు చేయడం చేరిస్తే ఆ కొలిమి మళ్ళీ వెలుగుతుంది. చాలా ఊళ్ళలో కమ్మరులు ఎవరూ చెప్పకుండానే ఆ దారి పట్టారు.

నోటుబుక్కు తీయండి

ఈ పుస్తకం చదువుతున్నవారు చదవడం, రాయడం, లెక్క వేయడం నేర్చినవారు. ఆ మూడూ ఇక్కడ పనికొస్తాయి. సంఘం మీటింగు నాడు ఒక నోటుబుక్కు తీయండి. ఈ ఏడాదిలో ఊరి బయటి నుంచి మనిషిని పిలిపించిన పనులు ఏవేవి? మోటరు, ట్రాక్టరు, టైల్స్, ఫ్రిజ్, సెల్‌ఫోన్, గేదె వైద్యం, ఏదైనా సరే రాయండి. ఎన్నిసార్లు పిలిపించారు? ఎన్ని రోజులు ఆగవలసి వచ్చింది? ఎంత ఇచ్చారు? ఇరవై ఇండ్లు తిరిగితే ఊరికి ఏ పని తెలిసినవాడు కరువో తెలిసిపోతుంది. దానికి పెద్ద చదువు అక్కర లేదు.

ఒక జాగ్రత్త ఉంది. మోటరు మెకానిక్ కరువని తేలితే ఊరి పిల్లలందరినీ మెకానిక్‌లను చేయకూడదు. ఎందరికి పని ఉందో జాకెట్ల లెక్క లాగా వేయండి. ఇద్దరికి పని ఉంటే ఇద్దరే. మిగిలినవారికి తూప్రాన్ వైపు, పటాన్‌చెరు వైపు ఏమి ఉందో కనుక్కోవాలి. అక్కడ కొలువు చేస్తున్న ఊరివాడు ఒకడైనా ఉంటాడు. గేటు దగ్గర అంటించిన బోర్డు కన్నా అతను చెప్పే మాట నమ్మకం. జీతం ఎంత అని అడిగితే చాలదు. కాంట్రాక్టరు పట్టుకునేది ఎంత, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నాయా, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు అని కూడా అడగాలి.

శిక్షణ పెడతామని ఎవరైనా ఊరికి వస్తే, సంతకం పెట్టే ముందు వారినీ అడగండి. పోయిన బ్యాచిలో ఎంతమంది నేర్చుకున్నారు? అందులో ఎంతమంది ఇప్పుడు పనిలో ఉన్నారు? వారిలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడిస్తారా? శిక్షణలో పిల్లలు మిషన్ మీద రోజుకు ఎన్ని గంటలు ఉంటారు? సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉంటుంది? నిజంగా పని నేర్పేవారు ఈ ప్రశ్నలకు చిరాకు పడరు. చిరాకు పడితే అదీ ఒక జవాబే.

పిల్ల ఏమి కోరుతున్నదో కూడా ఒకసారి అడగాలి. పెద్దలు సాధారణంగా ఇది మరిచిపోతారు. ఆడపిల్ల ఎలక్ట్రీషియన్ నేర్చుకుంటానంటే నవ్వడం, మగపిల్లవాడు వంటపని నేర్చుకుంటానంటే సిగ్గుపడడం ఇంకా ఉన్నాయి. ప్రభుత్వ ఐ.టి.ఐ.లలో ఆడపిల్లలకు కొన్ని సీట్లు వేరుగా ఉంటాయి. అవి నిండకపోతే వేరేవారికి పోతాయి.

ఐ.టి.ఐ. దరఖాస్తులు ప్రతి ఏడాది పదో తరగతి ఫలితాల తర్వాత మొదలవుతాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. మీ-సేవ కేంద్రంలో పెట్టించుకోవచ్చు. పది మార్కుల మెమో, కులం సర్టిఫికెట్, ఆధార్, చదివిన బడి నుంచి బోనఫైడ్ కాగితాలు ముందే తెచ్చి పెట్టుకోండి. ఏ ట్రేడు కావాలో వరుసగా రాయమంటారు. మొదటి వరుసలో ఏది రాయాలో ఆ రోజు సెంటర్‌లో కూచున్నవారిని అడగకండి. ఇంట్లో నోటుబుక్కు ముందర పెట్టుకొని, పిల్లతో కలిసి రాసుకొని పోండి.